ఉపగ్రహానికి తెలియని ఊరిపేరు



క్రిందటి నెలలో నల్లగొండ నుండి దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట వెళ్ళవలసి వచ్చింది. కారు నడిపే పిల్లవాడు ఫోనును ఎదుటి అద్దం క్రింద నిలబెట్టి, గమ్యం పేరు ఆంగ్లాక్షరాలలో కొట్టి, ఇక దారి సంగతి దానికే వదిలేశాడు. దారి పొడవునా అది ఒక స్త్రీ కంఠంతో ఆదేశాలు ఇస్తూనే ఉంది. ఎక్కడా దారి తప్పలేదు. కొండమల్లేపల్లి చౌరస్తాలో ఎటు మళ్ళాలో, డిండి దాటిన తరువాత ఎంత దూరం తిన్నగా పోవాలో అన్నీ సరిగానే చెప్పింది. అయితే అది పలికిన ఊళ్ళ పేర్లలో సగం నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ళు ఈ ప్రాంతంలోనే పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. నేను పనిచేసిన ఊరి పేరును సైతం ఆ యంత్రం నోట విని గుర్తుపట్టలేకపోయాను.

దారి తప్పలేదు కానీ పేరు తప్పింది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని గురించే ఈ టపా.

ఇటువంటి యంత్రాన్ని నేను మొదటిసారి చూసింది 2007లో. నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుండి సెలవులకు వచ్చి, అరచేతిలో ఇమిడే కంప్యూటరు ఒకటి చూపించాడు. పుల్లవంటి కలంతో తెరను తాకితే పనిచేసేది. అందులో జీపీఎస్ ఉందనీ, ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడి మనమెక్కడున్నామో చెబుతుందనీ గర్వంగా చెప్పాడు. అతని మోటారుసైకిలు మీద దేవరకొండ ప్రక్కనున్న ఒక తండాకు బయలుదేరాము. అక్కడ నాకు తెలిసిన కుటుంబంలో పెళ్ళి. ఒక గుట్ట దగ్గర దారి రెండుగా చీలింది. శిష్యుడు యంత్రాన్ని బయటకు తీశాడు. నాలుగైదు నిమిషాలు ఆకాశం వైపు పట్టుకున్న తరువాత అంకెలు వచ్చాయి: ఉత్తర అక్షాంశం సుమారు 16 డిగ్రీల 40 నిమిషాలు, తూర్పు రేఖాంశం సుమారు 78 డిగ్రీల 55 నిమిషాలు. తెర మధ్యలో ఒక చిన్న బాణం గుర్తు నిలిచింది. దాని చుట్టూ అంతా తెలుపే. రోడ్డు లేదు, చెరువు లేదు, ఊరు లేదు. ఉపగ్రహాలకు మేము కనబడ్డాము గాని, మేమున్న నేల ఆ పటంలో ఎక్కలేదు.

అంతలో మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. దారి అడిగాము. "సారు, కుడిచేతి బాట వట్టుండ్రి. యాపచెట్టు దాటినంక కుంట కట్ట వస్తది. కట్ట మీంచి వోకుండ్రి, మొన్నటి వానకు తెగింది. కిందికెల్లి సుట్టు దిరిగి పోతె తండ గనవడ్తది" అన్నాడు. అలాగే పోయాము, చేరాము. తిరిగి వచ్చేటప్పుడు శిష్యుడు ఆ యంత్రాన్ని జేబులో నుండి బయటకు తీయలేదు.

ఆనాడు ఆ కథను మిత్రులకు హాస్యంగా చెప్పేవాణ్ణి. అమెరికా యంత్రం ఓడింది, మన మేకల కాపరి గెలిచాడు అనేవాణ్ణి. ఆ హాస్యంలో కొంత అహంకారం, కొంత అజ్ఞానం ఉన్నాయని ఇప్పుడు అనిపిస్తోంది. యంత్రం తన పని తాను సరిగానే చేసింది. అక్కడ ఓడినవాళ్ళం మనమే.

ఎందుకో చెబుతాను. ఈ ఏర్పాటులో మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. మొదటిది స్థానం. రెండవది దారి. మూడవది పేరు. మనం మూడింటినీ కలిపి "ఫోనుకు తెలుసు" అనేస్తాము.

స్థానాన్ని ఆకాశం ఇస్తుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఒక్కొక్కటీ పరమాణు గడియారాన్ని మోసుకుంటూ, ఇప్పుడు సమయమెంతో, తానెక్కడుందో ఎడతెగకుండా చాటుతూ ఉంటాయి. ఆ సంకేతం మన చేతికి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి యంత్రం దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే మనం భూమిమీద ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో తేలుతుంది. కాలగణనలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే నేలమీద 300 మీటర్ల తేడా వస్తుంది. అమెరికా రక్షణశాఖ 1973లో ఈ పథకాన్ని చేపట్టింది. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. 1995లో వ్యవస్థ పూర్తిగా సిద్ధమైంది. సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలని మసకబరచే పద్ధతిని 2000 మే నెలలో ఎత్తివేశారు. ఆ తరువాతే అరచేతి యంత్రాలు జనం మధ్యకు ధారాళంగా వచ్చాయి. మన దేశం కూడా 2013 నుండి తన సొంత ఉపగ్రహాలను నిలిపి, ఆ వ్యవస్థకు 2016లో నావిక్ అని పేరు పెట్టుకుంది.

ఈ స్థానం విషయంలో ఆకాశానికి పక్షపాతం లేదు. న్యూయార్కు వీధికీ, నల్లమల పెంటకూ ఒకటే లెక్క. దారి, పేరు అనే రెండూ అలా కావు. అవి నేలమీద మనుషులు తిరిగి, చూసి, అడిగి, వ్రాసిపెట్టవలసినవి. ఎవరు వ్రాశారు, ఎవరి చెవితో విన్నారు, ఎవరిని అడిగారు అన్నదాన్ని బట్టి పటం మారుతుంది.

విలియం లాంబ్టన్ అనే ఆంగ్లేయ సైనికాధికారి 1802లో మదరాసులో ఒక ఆధారరేఖను కొలిచి, అక్కడినుండి త్రిభుజాలు అల్లుకుంటూ దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. అర టన్ను బరువుండే కోణమాపకాన్ని కొండలమీదికీ, గోపురాలమీదికీ ఎక్కించి కొలిచారు. కన్యాకుమారి వైపు నుండి హిమాలయాల వరకు సాగిన ఆ మహా కొలత 78 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఒరుసుకుంటూ నడిచింది. మన మహబూబ్‌నగర్ పట్టణం దాదాపుగా ఆ రేఖాంశం మీదనే ఉంది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో ఆ పనిలో ఉండగానే మరణించాడు. ఎవరెస్టు దొర తరువాత కొనసాగించాడు. వారి గణితం అద్భుతం. ఆ కాలపు సర్వేలలో ఊళ్ళ పేర్లు మాత్రం తెలుగు నోటి నుండి వెలువడి, ఆంగ్లపు చెవిలో పడి, రోమను అక్షరాలలో తేలాయి.

దాని ఫలితం ఈనాటికీ అనుభవిస్తున్నాము. కోదాడ అన్న పేరు చూడండి. ఆంగ్లంలో కె, ఓ, డి, ఏ, డి అని అయిదక్షరాలు వ్రాస్తారు. మొదటి డి దంత్యమైన దకారం, రెండవ డి మూర్ధన్యమైన డకారం. చివరి అచ్చు గాలికి పోయింది. ఆ అయిదక్షరాలను చూసి యంత్రం "కోడాడ్" అంటే తప్పు యంత్రానిదా? నల్లని కొండ గనుక నల్లగొండ. ఆంగ్లంలో ఒక లకారం, ఒక అచ్చు ఎగిరిపోతే, తెలుగు పత్రికలు సైతం ఆ ఆంగ్లాన్ని చూసి "నల్గొండ" అని వ్రాయసాగాయి. జడచర్ల జడ్చర్ల అయింది. మిర్యాలగూడెంలో గూడెం గూడగా మిగిలింది. పేరుకు అర్థం చెప్పే అక్షరమే రాలిపోయాక, అది పేరు కాదు, ఉత్త చప్పుడు. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ళ పేర్లమీద పరిశోధన చేసి చూపినట్లు, ఊరి పేరులో చెట్టు, చెరువు, కులం, దేవుడు, చరిత్ర అన్నీ దాగి ఉంటాయి. అక్షరం పోతే ఆ తాళంచెవి పోతుంది.

ఇదంతా పండితుల చాదస్తమని కొందరు మిత్రులు అనవచ్చు. ఊరు చేరడం ముఖ్యం గాని ఉచ్చారణ ఎందుకు అనవచ్చు. వారికి ఒక సంగతి చెప్పాలి.

మూడేళ్ళ క్రితం మాకు తెలిసిన కుటుంబంలోని ఒక ఆడపిల్లకు అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఆమె ఉన్నది ఒక తండాలో. పట్నం నుండి అద్దె కారు పిలిపించారు. తండా పేరు ఊరివాళ్ళ నోట ఒకటి, కాగితాల్లో మరొకటి. వ్యవహారంలో ఉన్న పేరును నడిపేవాడు ఆంగ్లంలో కొట్టాడు. పటంలో అదే అక్షరాలతో మరొక ఊరు ఉంది, పద్దెనిమిది కిలోమీటర్ల అవతల. ఫోను అతణ్ణి నిస్సందేహంగా, గంభీరంగా, ప్రతి మలుపూ సరిగా చెబుతూ ఆ రెండవ ఊరికి చేర్చింది. అక్కడ అందరూ నిద్రలో ఉన్నారు. తిరిగి ఈ తండాకు వచ్చేసరికి గంట గడిచింది. ఆసుపత్రి దారిలో, కారులోనే కాన్పు అయింది. తల్లీబిడ్డా బ్రతికారు. వారు బ్రతకడంలో పటం గొప్ప గాని, మన గొప్ప గాని ఏమీ లేదు. కారులో వెంట ఉన్న ముసలమ్మ చేతి చలవ, అంతే.

అప్పటినుండి మేకల కాపరి గెలిచిన కథ చెప్పి నవ్వడం మానేశాను. అర్ధరాత్రి ఒంటిగంటకు ఏ మేకల కాపరీ దారిలో ఉండడు.

తండాల సంగతి ప్రత్యేకంగా ఆలోచించవలసినది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాలలో లంబాడీ తండాలు ఎన్నో. తరతరాలుగా అవి ప్రక్క ఊరికి తోకలుగానే లెక్కకు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదువందల జనాభా గల తండాలు, గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి. వాటికి సర్పంచులు వచ్చారు, కార్యాలయం బోర్డులు వచ్చాయి. ఇక జిల్లాల విభజన వచ్చి చిరునామాలే మారిపోయాయి. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలయింది. పాత పాలమూరు నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల విడిపోయాయి. 2019లో నారాయణపేట కూడా వేరైంది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాకు పోయింది. అక్షాంశ రేఖాంశాలు అంగుళం కదలలేదు. మనుషుల చిరునామాలో మూడు పంక్తులు మారాయి. ఈ మార్పులన్నీ పటంలో ఎవరో ఒకరు కూర్చుని ఎక్కిస్తేనే ఎక్కుతాయి. ఉపగ్రహం ఎక్కించదు.

షాద్‌నగర్ అంటే మరొకటి గుర్తుకు వస్తుంది. భూమిని పైనుండి చిత్రించే మన ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భూకేంద్రం అక్కడే ఉంది. దేశమంతటి ముఖచిత్రం ముందుగా దిగేది పాత పాలమూరు నేలమీదికే. ఇస్రో వారు 2009లో భువన్ అనే పటాన్ని జాలంలో పెట్టారు. చిత్రం దిగింది, ఆ చిత్రంలో కనిపించే కుంటకు ఏమని పేరో చెప్పగలవాడు మాత్రం కుంట ఒడ్డునే ఉన్నాడు. అతణ్ణి అడగడం మన పని.

ఇక రెండవ వైపు ఒక వాదం వినబడుతోంది. నా ఈడు మిత్రులే ఎక్కువగా అంటారు: ఈ యంత్రాలు వచ్చి మనిషిని మనిషి దారి అడిగే మర్యాదను చంపేశాయని, ఒకప్పుడు దారి అడిగితే మంచినీళ్ళిచ్చి, మంచం వాల్చేవారని. నేను కూడా కొంతకాలం ఇలాగే వ్రాశాను. ఇప్పుడు పూర్తిగా ఒప్పుకోలేను.

దారి అడిగితే మంచం వాల్చేది ఎవరికి? తెల్లబట్టలు కట్టుకున్న పంతులుకు. నా తరగతిలో చదువుకున్న ఒక దళిత విద్యార్థి, ఇప్పుడు తానూ ఉపాధ్యాయుడే, ఒకసారి నాతో అన్నాడు: "సారు, మీరు దారి అడిగితె దారి జెప్తరు. నేనడిగితె ముందుగాల ఎవరి పిల్లగానివని అడుగుతరు." ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. యంత్రం కులం అడగదు. ఒంటరిగా బస్సు దిగిన ఆడపిల్లను "ఎవరింటికి, ఎందుకు" అని ఆరా తీయదు. మన పాత మర్యాదలో అందరికీ చోటు లేనప్పుడు, అది పోతున్నదని ఏడ్చే ముందు కాస్త ఆగాలి.

పాలమూరు కూలీలను తలచుకోండి. అక్షరం రానివారు, భాష తెలియనివారు, గంప నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకన వేసుకుని, బొంబాయికీ పూనాకూ, దేశంలోని ఆనకట్టల వద్దకూ పోయి పనిచేశారు. వారికి పటం లేదు, మేస్త్రీయే పటం. మేస్త్రీ ఎక్కడ దింపితే అదే ఊరు. తామున్న చోటు పేరేమిటో తెలియక ఇంటికి కబురు పెట్టలేనివారు ఎందరో. ఈనాడు అదే కుటుంబంలోని యువకుడు తానున్న చోటును ఫోనులో తల్లికి పంపగలుగుతున్నాడు. ఇది చిన్న విషయం కాదు. తామున్న చోటు తాము తెలుసుకోవడం కూడా ఒక స్వాతంత్ర్యమే.

కనుక నా అభిప్రాయం యంత్రాన్ని వద్దనడం కాదు. యంత్రానికి మన సంగతులు చెప్పే పని మనం చేయలేదనీ, ఇకనైనా చేయాలనీ నా మనవి.

ఈ పని మన భాషకు కొత్త కాదు. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలు చూడండి. దానం చేసిన రాజు వంశవర్ణన అంతా గీర్వాణమే. దానమిచ్చిన పొలం ఎల్లలు చెప్పేచోటికి వచ్చేసరికి తెలుగు మాటలు తొంగిచూస్తాయి. తూర్పున ఏమి, దక్షిణాన ఏమి అని పుట్టను, చెట్టును, గుంటను పేరు పెట్టి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ నేలమీది మాట తప్ప మరొకటి పనికిరాదని శాసనం వ్రాసినవాడికి తెలుసు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మదరాసు నుండి కాశీకి బయలుదేరి, కృష్ణ దాటి, ఈ పాలమూరు సీమ మీదుగానే హైదరాబాదు చేరాడు. ఏ మజిలీలో ఏమి దొరుకుతుందో, దారి ఎలా ఉందో తన తరువాత వచ్చే యాత్రికుడి కోసం తెలుగులో వ్రాసిపెట్టాడు. మన కాలంలో బి.ఎన్.శాస్త్రిగారు నల్లగొండ శాసనాలను, కపిలవాయి లింగమూర్తిగారు పాలమూరు క్షేత్రాల చరిత్రను సేకరించారు. వారి చేతుల్లో ఏ యంత్రమూ లేదు. మన చేతుల్లో ఉంది.

అడ్డంకి చట్టమా అంటే, అదీ తొలగింది. ఒకప్పుడు వివరమైన పటాలు తయారుచేయడానికి, ప్రచురించడానికి అనుమతులు, ఆంక్షలు చాలా ఉండేవి. 2005లో జాతీయ పట విధానం కొంత సడలించింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు భారతీయులకు ఈ రంగాన్ని చాలావరకు తెరిచాయి. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటాన్ని వికీపీడియా వలెనే ఎవరైనా దిద్దవచ్చు. అందులో ఊరిపేరును తెలుగు లిపిలో వ్రాయడానికి ప్రత్యేకమైన చోటు ఉంది. నేను మా మనుమరాలి సహాయంతో నేర్చుకుని, నేను పనిచేసిన ఊళ్ళ వరకు పేర్లు వ్రాశాను. కష్టమేమీ కాదు. ఒక ఊరి పేరుకు పది నిమిషాలు పట్టింది. ఆ పేరు సరైన రూపం ఏదో ఊరి పెద్దలను అడిగి తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులే అసలు పని.

వ్రాయవలసినవి ఊరి పేర్లు మాత్రమే కావు. తండా పేరు వ్యవహారంలో ఒకటి, కాగితంలో ఒకటి అయితే రెండూ వ్రాయాలి. చెరువు పేరు, కుంట పేరు, వానాకాలంలో వాగు పొంగి ఏ దారి మూతపడుతుందో వ్రాయాలి. అమ్రాబాదు అడవి గుండా శ్రీశైలం పోయే దారిలో రాత్రి 9 నుండి తెల్లవారి 6 వరకు వాహనాలను పోనివ్వరు. ఈ సంగతి తెలియక రాత్రిపూట అక్కడిదాకా వెళ్ళి, చెక్‌పోస్టు దగ్గర తెల్లవార్లూ పడిగాపులు పడినవారిని చూశాను. వారి ఫోనులో ఆ దారి నిక్షేపంగా తెరిచే ఉంది.

లేని ఊళ్ళను కూడా వ్రాయాలంటాను. దేవరకొండ ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఏలేశ్వరం అనే ఊరు ఉండేది. ప్రాచీన క్షేత్రం. మునిగే ముందు అక్కడ పురావస్తుశాఖ వారు తవ్వకాలు జరిపారు. 1967లో నాగార్జునసాగర్ నుండి నీళ్ళు వదిలారు, పొలాలు పండాయి, ఏలేశ్వరం నీళ్ళ క్రిందికి పోయింది. నేను పడవలో ఆ నీటిమీదుగా పోతూ ఫోను తెరిచాను. నీలం రంగు, మధ్యలో మేము. 2007 నాటి తెల్లని తెర గుర్తుకు వచ్చింది. నా ప్రక్కన కూర్చున్న వృద్ధుడు మాత్రం చేయి చాచి, "గిడ మా ఇల్లు, గాడ గుడి" అని నీళ్ళమీద ఊరంతా చూపించాడు. ఆయన తరువాత ఆ చోటు చెప్పేవారెవరు?

చివరిగా ఒక మాట. కంప్యూటరులో తెలుగు కుదరదని లోకమంతా అనుకుంటున్న రోజులలో, పెట్టెలూ ప్రశ్నార్థకాలూ కనిపించే తెరల ముందు కూర్చుని, లేఖినిలో ఒక్కొక్క అక్షరం కొట్టి, కూడలిలో ఒకరి టపా ఒకరం చదువుకుని, తెలుగును జాలంలో నిలబెట్టినవాళ్ళం మనం. ఆనాడు మనకు జీతమిచ్చినవారు లేరు, ఆజ్ఞాపించినవారు లేరు. పటంలో తెలుగు నిలబెట్టడం అంతకంటే కష్టమైన పని కాదు.

ప్రతివారమూ ఒక్క ఊరు తీసుకుందాము. మనం పుట్టినదో, చదివినదో, పిల్లనిచ్చినదో. ఆ ఊరి పేరు ఒత్తులతో, దీర్ఘాలతో, చివరి అచ్చుతో సహా సరిగా వ్రాద్దాము. ఏ అర్ధరాత్రో ఆ పేరు పట్టుకుని ఎవరో రావలసి ఉంటుంది.

మీరు ఏ ఊరితో మొదలుపెడతారో వ్యాఖ్యలో తెలియజేయగోరుతాను.

స్వస్తి.